ఇంటి స్విమ్మింగ్ పూల్‌కి కరెంటు భద్రత: ఏ బాండింగ్, ఏ లైటు, ఏ ఆర్‌సీసీబీ?

పూల్ కట్టించేవాళ్లు టైల్స్ రంగు, మెట్ల ఆకారం, లైట్ల వెలుగు గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. కరెంటు పనిని మాత్రం చివర్లో వచ్చే ఎలక్ట్రీషియన్‌కి వదిలేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఈ పనిలో తర్వాత మార్చుకోగలిగినవి చాలా ఉన్నాయి: ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్), లైటు ట్రాన్స్‌ఫార్మర్, మోటారు, ఆఖరికి ఎర్త్ పిట్ కూడా. గట్టు కాంక్రీట్ పోశాక మార్చలేనిది బాండింగ్ ఒక్కటే, అంటే నీళ్లనీ చుట్టూ ఉన్న లోహాన్నీ రాగితో ఒకటిగా కలపడం. అప్పుడు గుర్తొస్తే పరిచిన తాండూరు బండలు లేపి, కింద కాంక్రీట్ పగలగొట్టాలి. కాబట్టి బడ్జెట్ చాలకపోతే లైట్లు తగ్గించండి, వాటర్‌ఫాల్ మానుకోండి. బాండింగ్‌లో మాత్రం కోత పెట్టకండి.

ఎర్తింగ్ బాగుంటే చాలదా?

చాలదు. మన దగ్గర డిస్కమ్ సర్వీస్ వైరులో సాధారణంగా ఫేజు, న్యూట్రల్ మాత్రమే వస్తాయి. ఎర్త్ మన ఇంటి పిట్ నుంచే తీసుకోవాలి. పూల్ మోటారు లోపల ఫేజు బాడీకి తగిలిందనుకోండి. మన పిట్ నిరోధం 4 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఎర్త్ 1 ఓమ్ అయితే, 230ని 5తో భాగించగా 46 ఆంపియర్లు పారతాయి. 16 ఆంపియర్ల సీ కర్వ్ ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే ఆఫ్ అయ్యే స్విచ్) వెంటనే పడటానికి కనీసం 80 ఆంపియర్లు కావాలి, తప్పకుండా పడాలంటే 160 కావాలి. 46 ఆంపియర్లకు అది వేడెక్కి పడేసరికి ఎన్నో సెకన్లు గడుస్తాయి. అంతసేపూ మోటారు బాడీ మీద 46 × 4, అంటే 184 వోల్టులు ఉంటాయి. అదే ఎర్త్ వైరుకి కలిసిన ప్రతి లోహపు వస్తువు మీదా ఉంటాయి. 4 ఓమ్‌ల పిట్ మంచి పిట్ కిందే లెక్క. తెలంగాణ రాతినేలల్లో ఎండాకాలం అంత తక్కువ రావడమే కష్టం.

ఆర్‌సీసీబీ ఉంటే ఇదే లోపానికి 40 మిల్లీ సెకన్లలోపు సరఫరా తెగిపోతుంది. అందుకే అది తప్పనిసరి. కానీ అది తన గుండా వెళ్లే కరెంటును మాత్రమే చూస్తుంది. పక్క పొలంలో బోరు మోటారు కేబుల్ చెడి భూమిలోకి కరెంటు కారుతుంటే మన ఆర్‌సీసీబీకి తెలిసే దారి లేదు. మెయిన్ ఆపేసినా నిచ్చెన పట్టుకుంటే జిల్లుమంటోందని పిల్లలు చెబుతున్నారంటే, కరెంటు మన బోర్డు నుంచి కాదు, నేలలోంచి వస్తోందన్నమాట.

అలాంటప్పుడు కాపాడేది బాండింగే. నీళ్లు, పూల్ గోడలోని చువ్వలు, గట్టు, నిచ్చెన, రెయిలింగ్, పంపు బాడీ అన్నిటినీ మందపాటి రాగితో ఒకటిగా కలిపేస్తాం. అప్పుడు నేల వోల్టేజీ 20 పెరిగితే అన్నీ కలిసి 20 పెరుగుతాయి. చెయ్యి నిచ్చెన మీద, కాళ్లు నీళ్లలో ఉన్న మనిషికి రెండు చోట్ల మధ్య తేడా తగలదు. కరెంటు తీగ మీద వాలిన పిట్టకి ఏమీ కానిది ఇందుకే.

నీళ్లలో చిన్న తేడా కూడా ప్రమాదమే. నానిన ఒంటికి నిరోధం బాగా పడిపోతుంది. దాదాపు 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరే కండరాలు బిగుసుకుని పట్టు వదల్లేని స్థితి వస్తుంది. గట్టు మీద ఉన్నవాళ్లు ఏదోలా బయటపడవచ్చు, ఈదుతున్నవాళ్లు మునిగిపోతారు. ఆర్‌సీసీబీ పడే 30 మిల్లీ ఆంపియర్లు అన్నది గుండెను కాపాడటానికి పెట్టిన హద్దు. అంతకన్నా తక్కువ కరెంటు పారుతుంటే ఆర్‌సీసీబీ పడకపోవచ్చు, మునిగిపోవడానికి మాత్రం అది చాలు.

బాండింగ్‌లో మూడు దారులు

8 × 4 మీటర్ల ఆర్‌సీసీ పూల్ తీసుకుని లెక్క వేద్దాం.

మొదటిది రాగి తీగ వలయం. పూల్ లోపలి గోడ నుంచి 45–60 సెంటీమీటర్ల దూరంలో, గట్టు అడుగు మట్టిలో 10–15 సెంటీమీటర్ల లోతున పూల్ చుట్టూ ఒక తీగ తిప్పి, నాలుగు చోట్ల పూల్ చువ్వలకు కలుపుతారు. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 680వ ఆర్టికల్‌లో ఉన్న పద్ధతి ఇది. వలయానికి 28 మీటర్లు, నాలుగు మూలల తోకలు, పంప్ రూమ్ దాకా వెళ్లే ముక్క కలిపి దాదాపు 45 మీటర్ల తీగ పడుతుంది.

తీగ కొనేటప్పుడు గేజ్ దగ్గర జాగ్రత్త. అమెరికాలో పూల్ ఉన్న బంధువులు, అక్కడి వీడియోలు చెప్పే 8 గేజ్ 3.26 మిల్లీమీటర్ల తీగ, అంటే 8.37 చదరపు మిల్లీమీటర్లు. మన రాగి దుకాణంలో 8 గేజ్ అంటే ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ గేజ్) లెక్క: 4.06 మిల్లీమీటర్లు, దాదాపు 13 చదరపు మిల్లీమీటర్లు. అమెరికా 8కి మన 10 గేజ్ ఇంచుమించు సమానం. 10 గేజ్ అయితే 45 మీటర్లకు సుమారు 3.3 కిలోలు, 8 గేజ్ అయితే 5.2 కిలోలు తూగుతుంది. వీలైతే 8 గేజే తీసుకోండి. మట్టిలో, తేమలో ఏళ్ల తరబడి ఉండాల్సిన తీగకు ఆ లావు మంచిది. పూత లేని సింగిల్ తీగ కావాలి, ఇళ్ల వైరింగ్‌లో వాడే సన్నపోగుల వైరు పనికిరాదు.

వలయం చవకే గానీ లోపం ఉంది. తీగ ఉన్నచోట వోల్టేజీ సమంగా ఉంటుంది, దాన్నుంచి అటూ ఇటూ జరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. తడికాళ్లతో నడిచే గట్టు ఒక మీటరు వెడల్పున ఉంటుంది, తీగ మాత్రం ఒక్క గీత మీదే ఉంటుంది.

రెండోది రాగి జాలీ. గట్టు చుట్టూ మీటరు వెడల్పున 30 సెంటీమీటర్ల గళ్లతో పరవాలి. మన పూల్‌కి గట్టు 28 చదరపు మీటర్లు వస్తుంది, తీగ దాదాపు 190 మీటర్లు, 10 గేజ్‌లో 14 కిలోలు. పనితీరులో దీన్ని మించింది లేదు. కానీ ఖర్చు నాలుగింతలు, పైగా సైట్లో రాత్రి వదిలేస్తే పొద్దునకి ఉండదు.

మూడోది గట్టు కాంక్రీట్‌లోనే ఇనుప చువ్వల జాలీ. 8 మిల్లీమీటర్ల చువ్వలు 30 సెంటీమీటర్ల దూరంలో అడ్డంగా, నిలువుగా పరిచి, ప్రతి కూడలిలో బైండింగ్ వైరు బిగించి, నాలుగు చోట్ల రాగి తీగతో పూల్ గోడ చువ్వలకు కలపాలి. 190 మీటర్లకు దాదాపు 75 కిలోల ఇనుము, అతుకులకు ఇంకాస్త. చాలామంది గట్టుకి చువ్వల్లేకుండా ఒట్టి పీసీసీ పోస్తారు. ఆ పీసీసీకి ఈ కాస్త ఇనుము చేరిస్తే బాండింగూ అవుతుంది, గట్టు పగుళ్లూ తగ్గుతాయి. కొత్తగా కట్టే ఆర్‌సీసీ పూల్‌కి మా సిఫార్సు ఇదే. వలయం తీగను కూడా దీనికి జోడిస్తే ఇంకా మంచిది.

దీనికి మినహాయింపు ఒకటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో తుప్పుకి భయపడి ఎపాక్సీ పూత చువ్వలు వాడుతుంటారు. ఆ పూత కరెంటును ఆపేస్తుంది, బైండింగ్ వైరు కట్టినా చువ్వకీ చువ్వకీ సంబంధం ఉండదు. అలాంటి చువ్వలైతే ఖర్చయినా సరే, గట్టుకే కాదు, పూల్ గోడకీ అడుగుకీ కూడా రాగి జాలీయే గతి.

అతుకుల దగ్గరే ఎక్కువ పనులు చెడతాయి. రాగి తీగను చువ్వ చుట్టూ మెలిపెట్టి వదిలేస్తే కొన్నాళ్లకు ఆ మెలిక కింద తుప్పు పట్టి సంబంధం తెగిపోతుంది. టంకం కూడా వద్దు. చువ్వ మీద తుప్పుని వైర్ బ్రష్‌తో గీకి, ఇత్తడి లేదా కంచు క్లాంప్‌తో బిగించాలి. ఎక్సోథర్మిక్ వెల్డింగ్ (రసాయన పొడి మండే వేడితో లోహాన్ని కరిగించి అతకడం) చేయించగలిగితే ఇంకా మేలు. జీఐ (జింకు పూత ఇనుము) యూ బోల్టు, అల్యూమినియం లగ్గు రాగితో కలిస్తే తడిలో అవే తినేయబడతాయి. నిచ్చెన సాకెట్లు, రెయిలింగ్ కాళ్లు, లోహపు లైటు డబ్బాలు, పంప్ రూమ్ దగ్గర అర మీటరు తోకలు వదలండి. రాగి పనిని కాంక్రీట్ పోసే రోజు పొద్దున్నే మొదలుపెట్టి, పోయక ముందు ప్రతి అతుకుకీ ఫోటో తీయించండి. తర్వాత ఏ గొడవ వచ్చినా ఆ ఫోటోలే ఆధారం.

కలపాల్సినవి, కలపడం మరిచిపోయేవి

నీటి అంచు నుంచి 1.5 మీటర్ల లోపు, 3.6 మీటర్ల ఎత్తు లోపు ఉన్న స్థిరమైన లోహం అంతా బాండింగ్‌కి కలవాలి: నిచ్చెన, షవర్ స్తంభం, గెజిబో కాళ్లు, జీఐ నీళ్ల పైపు, దగ్గరుంటే బోరు కేసింగ్, కిటికీ గ్రిల్లు.

అందరూ మరిచిపోయేది నీళ్లనే. ఇప్పుడు ఫిటింగులన్నీ ఏబీఎస్ ప్లాస్టిక్, లైటు ప్లాస్టిక్, పైపులు పీవీసీ. నీళ్లకు లోహం ఎక్కడా తగలదు. కనీసం 58 చదరపు సెంటీమీటర్ల లోహం నీళ్లలో ఉండి, దాన్నుంచి తీగ బాండింగ్‌కి రావాలి. 12 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న 316 గ్రేడ్ స్టీల్ కడ్డీ 16 సెంటీమీటర్ల పొడవున్నా ఆ లెక్క సరిపోతుంది. దాన్ని స్కిమ్మర్‌లో (పైనీటి చెత్తను లాగే గోడ డబ్బాలో) గానీ పంపు ముందు పైపులో గానీ పెట్టవచ్చు. ఉప్పు క్లోరినేటర్ ఉన్న పూల్‌లో నీళ్లు మరింత బాగా కరెంటును మోస్తాయి కాబట్టి అక్కడ ఇది అసలు వదలకూడదు.

చివరిగా ఈ రాగి అంతా పంప్ రూమ్‌కి చేరి మోటారు బాడీకి, అక్కడి ఎర్త్ బార్‌కి కలవాలి. ఇక్కడ తరచూ జరిగే తప్పు: పూల్‌కి ప్రత్యేకంగా ఒక ఎర్త్ పిట్ వేసి, దాన్ని ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేయడం. అప్పుడు ఒకే స్థలంలో రెండు వేర్వేరు ఎర్త్‌లు ఉంటాయి. ఇంట్లో లోపం వచ్చిన రోజు ఆ రెంటి మధ్య వోల్టేజీ ఒక మనిషి చేతికీ కాలికీ మధ్య పడుతుంది. ఎన్ని పిట్లయినా వేయండి, అన్నిటినీ రాగితో గానీ జీఐ పట్టీతో గానీ ఒకటి చేయండి. ఎర్త్ బాగా రావడం లేదని న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపే అలవాటు కొందరికి ఉంది. బయట న్యూట్రల్ తెగిన రోజు పూల్ నిచ్చెనతో సహా అన్నీ ఫేజు మీదికి వస్తాయి. అది ప్రాణాంతకం, ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి.

లైట్లు: 230 వోల్టులా, 12 వోల్టులా?

నీళ్లలోకి 230 వోల్టుల లైటు వద్దు. ఆర్‌సీసీబీ ఉందిగా అని ఎవరు చెప్పినా వద్దు. పూల్‌ల కోసం ఉన్న ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) 60364-7-702 ప్రమాణం నీళ్ల లోపల 12 వోల్టుల ఏసీ లేదా 30 వోల్టుల డీసీ దాటనివ్వదు. ఆ వోల్టేజీని ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కూడా పూల్‌కి దూరంగా ఉండాలి.

ఇక ఎంచుకోవాల్సింది ఏసీయా డీసీయా అన్నదే. 12 వోల్టుల ఏసీ అంటే ఐఈసీ 61558-2-6 ముద్ర ఉన్న సేఫ్టీ ఐసోలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్. బరువుగా ఉంటుంది, రంగులు మార్చే సౌకర్యం పరిమితం, కానీ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. డీసీలో రంగుల లైట్లు, రిమోట్ సులువు. కానీ అతుకులోకి నీళ్లు దిగితే పాజిటివ్ వైపు రాగి కరిగిపోతుంది, ఏడాది తిరక్కుండానే లైటు ఆరిపోవచ్చు. తెల్ల లైటు చాలనుకుంటే ఏసీయే తీసుకోండి.

డీసీకి దుకాణపు సైన్‌బోర్డుల డ్రైవర్లు (ఎల్‌ఈడీలకు డీసీ ఇచ్చే డబ్బాలు) మాత్రం వాడకండి. వాటిలో ఫేజు వైపు నుంచి అవుట్‌పుట్ వైపుకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఊడిపోతే అవుట్‌పుట్ వైరు మీద వంద వోల్టుల పైచిలుకు తేలుతూ ఉంటుంది, ముట్టుకుంటే జిల్లుమంటుంది. అలాగే సేఫ్టీ ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టుల వైపుని ఎర్త్‌కి కలపకూడదు. కలిపితే అది ఇచ్చే విడి రక్షణే పోతుంది.

కేబుల్ లావు కూడా చూడాలి. 18 వాట్ల ఎల్‌ఈడీ 12 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్లు లాగుతుంది. 20 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ అయితే పోనూ రానూ నిరోధం దాదాపు 0.3 ఓమ్. ఒక లైటుకి అర వోల్టు కూడా పడదు. నాలుగు లైట్లు ఒకే కేబుల్ మీద వేస్తే 1.8 వోల్టులు పోతాయి, చివరి లైటు గుడ్డిగా వెలుగుతుంది. అక్కడ 6 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేయండి, లేదా లైటుకో కేబుల్ లాగండి. కాండ్యూట్ లోపల అతుకు వద్దు. లైటు విప్పి గట్టు మీదికి తెచ్చుకునేంత కేబుల్‌ని డబ్బాలోనే చుట్టి ఉంచాలి, లేకపోతే లైటు మార్చడానికి పూల్ ఖాళీ చేయాలి.

ఆర్‌సీసీబీ: ఏ రకం, ఎన్ని?

ఫామ్‌హౌస్ మొత్తానికి ఒకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెడితే, వర్షాకాలం తోట లైట్లలో తేమ చేరినా అది పడుతుంది. నాలుగుసార్లు పడ్డాక వాచ్‌మన్ ఎవరినో పిలిచి బైపాస్ చేయిస్తాడు. పూల్ దగ్గర ఆర్‌సీసీబీ ఉండీ పనిచేయకపోవడానికి ఇదే పెద్ద కారణం. అందుకని పూల్ మోటారుకి ఒకటి, లైటు ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒకటి విడిగా పెట్టండి. సింగిల్ ఫేజు 1.5 హెచ్‌పీ మోటారుకి 16 ఆంపియర్లు, సీ కర్వ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ సరిపోతుంది. ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండు పనులూ అదే చేస్తుంది. 100, 300 మిల్లీ ఆంపియర్లవి మంటల నుంచి కాపాడటానికి, మనుషులకు కాదు.

రకం విషయంలో టైప్ ఏసీ (AC) కొనకండి, టైప్ ఏ (A) అడగండి. ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఇన్వర్టర్ పంపులు లీకేజీలో డీసీ కలుపుతాయి, టైప్ ఏసీ దాన్ని సరిగా గుర్తించదు. త్రీ ఫేజు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పంపు అయితే టైప్ ఏ కూడా చాలదు, టైప్ బీ (B) కావాలి. ఖరీదెక్కువ. అది వద్దనుకుంటే వీఎఫ్‌డీ లేని మామూలు పంపు పెట్టుకోవడం నయం.

టెస్ట్ బటన్ నొక్కితే పడింది కదా, ఎర్త్ బాగున్నట్టే అనుకోకండి. ఆ బటన్‌కీ ఎర్త్‌కీ సంబంధం లేదు. ఎర్త్ పూర్తిగా ఊడిపోయినా బటన్‌కి ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్త్‌లోకి కరెంటు వదిలి చూసే ఆర్‌సీడీ టెస్టర్‌తోనే అసలు సంగతి తెలుస్తుంది. ఆ పరీక్ష జెనరేటర్ మీద కూడా చేయించండి. చిన్న పోర్టబుల్ జెనరేటర్లలో న్యూట్రల్ ఎర్త్‌కి కలిసి ఉండదు. లీకయిన కరెంటు తిరిగి వెళ్లే దారి లేక ఆర్‌సీసీబీ గమ్మునుంటుంది. కరెంటు పోయిన రాత్రి పూల్ పార్టీ నడిచేది ఆ జెనరేటర్ మీదే.

మోటారు, ప్లగ్గులు, పిట్

నీటి అంచు నుంచి 2 మీటర్లు కరెంటు సామానుతో జాగ్రత్త పడాల్సిన ఒక మండలం (జోన్), ఆ తర్వాత 1.5 మీటర్లు ఇంకొకటి. మొత్తం 3.5 మీటర్ల అవతల పంప్ రూమ్, ప్లగ్గులు, స్విచ్‌బోర్డు పెడితే ఏ చిక్కూ ఉండదు. స్పీకర్ కోసం ఎక్స్‌టెన్షన్ బాక్స్ గట్టు మీదికి తెస్తే ఈ లెక్కంతా వృథా. మోటారు మెకానికల్ సీల్ కారుతుంటే వెంటనే మార్పించండి, ఆ నీళ్లే వైండింగ్‌లోకి వెళ్తాయి. ఏటా వానలయ్యాక 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) చూస్తే 1 మెగా ఓమ్ కన్నా తక్కువ రాకూడదు.

పిట్ విషయంలో పైపు, ప్లేటు, కెమికల్ ఏదైనా పర్లేదు, కొలతే ముఖ్యం. రాతినేలలో లోతుకి దిగే రాడ్లు రెండు మూడు కలిపి వేయడం నయం. తీరంలో నిరోధం సులువుగానే తగ్గుతుంది గానీ జీఐని తుప్పు త్వరగా తినేస్తుంది, అక్కడ రాగి పూత రాడ్ మేలు.

ఫైబర్ పూల్, ఫ్రేమ్ పూల్, ఇప్పటికే కట్టిన పూల్

ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్) తొట్టిలో చువ్వలుండవు కాబట్టి బాండింగ్ అక్కర్లేదంటారు. నిజానికి గట్టుకీ నీళ్లకీ అక్కడే ఎక్కువ తేడా వస్తుంది. గట్టు జాలీ, నీళ్లలో స్టీల్ కడ్డీ రెండూ కావాలి. టెర్రస్ మీద వేసే ఫ్రేమ్ పూల్‌కి 12 వోల్టుల ఫిల్టర్ పంపు ఉన్న మోడల్ కొనండి. 230ది అయితే పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ప్లగ్గు తీసేయండి.

పాత పూల్‌కి ముందు కొలవండి. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక ప్రోబ్ నీళ్లలో, ఇంకోటి నిచ్చెన మీద, తర్వాత తడి గట్టు మీద పెట్టిన ఇనుప పళ్లెం మీద చూడండి. ప్రోబుల మధ్య 500 ఓమ్‌ల రెసిస్టర్ కలిపితే ఉత్తుత్తి రీడింగులు పోతాయి. ఒక వోల్టు దాటితే కారణం తెలిసేదాకా పూల్ మూసేయాలి. మెయిన్ ఆపగానే రీడింగ్ పోతే లోపం మన వైరింగ్‌లో ఉంది, ఆపినా ఉంటే బయట ఉంది. బయటిదైతే డిస్కమ్‌కి చెప్పాలి. ఈలోగా గట్టు బయటి అంచున బండలు లేపి వలయం తీగ వేయించి, నిచ్చెనకీ పంపుకీ నీళ్లకీ కలపడం తక్కువ పగలగొట్టుడుతో అయ్యే పని. జాలీ అంత బాగుండదు, ఏమీ లేకపోవడం కన్నా ఎంతో నయం.

కొత్త పూల్ అయితే డబ్బు చివరి విడత ఇచ్చే ముందు లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తో నాలుగు కొలతలు రాయించుకోండి: నిచ్చెన నుంచి పంపు బాడీ దాకా నిరోధం 0.5 ఓమ్ లోపు, పిట్ నిరోధం, ఆర్‌సీసీబీ పడే సమయం, నీళ్లకీ గట్టుకీ మధ్య వోల్టేజీ. పూల్ మెయిన్ స్విచ్ గట్టు మీద నుంచి కనిపించే చోట, తాళం లేని డబ్బాలో పెట్టించి, అద్దెకొచ్చే వాళ్లకి కూడా చూపించండి. నీళ్లలో ఎవరైనా హఠాత్తుగా బిగుసుకుపోతే వెనకే దూకకూడదు. ముందు ఆ స్విచ్ ఆపి, ఎండిన ఫైబర్ లేదా కర్ర గెడతో వాళ్లని అంచుకి లాగాలి. అందుకోసం ఒక గెడ ఎప్పుడూ గట్టు పక్కనే ఉండాలి. పూల్ శుభ్రం చేసే అల్యూమినియం గెడ దీనికి పనికిరాదు.